నల్ ఆరా!

"మామూ, ఫిర్ నల్ ఆరా!"

గదిలోంచి మా భాంజీ కేక. వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న మా ఆపా పెనం మీది రొట్టెను అట్లే వదిలేసి, రెండు బిందెలు చంకన పెట్టుకుని వీధి కొళాయి కాడికి పరుగు తీసింది. మే నెల పలమనేరులో నల్ వచ్చిందంటే రొట్టె మాడినా ఫికర్ చేసేవాళ్ళు ఉండరు. రెండు నిమిషాలకు ఖాళీ బిందెలతో తిరిగొచ్చి గడపలో నిలబడి, "కాఁ ఆరా నల్? టోటీ మే హవా బీ నై!" అని బిడ్డను కసురుకుంది.

బిడ్డ ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చోనుంది. "ఓ నల్ నై అమ్మీ, యే అలగ్ నల్!"

జావా అనే కంప్యూటర్ భాషలో 'నల్' అంటే ఏమీ లేదని. వస్తువు ఉండాల్సిన చోట వస్తువు లేకపోవడం. తల్లికి నల్ అంటే నీళ్ళు రావడం, బిడ్డకు నల్ అంటే ఏమీ రాకపోవడం. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఆ ఒక్క లఫ్జ్‌తో ఇద్దరూ పరేషాన్ అయినారు.

నేను శుక్రవారం మధ్యాహ్నం ఊరికే చూసిపోదామని వెళ్ళినవాణ్ణి. బిడ్డ మొహం చూసి ఆగిపోయాను. బెంగళూరులో నౌకరీ దొరికి అయిదు నెలలు. ఆరో నెల నిండితే పక్కా చేస్తారు. లేకపోతే సలాం చెప్పి పంపిస్తారు. వారంలో రెండు రోజులు ఇంటినుంచి పని, మిగతా రోజులు ములబాగలు మీదుగా పోయే బస్సెక్కి అక్కడి హాస్టల్. ఆ నౌకరీకి పంపడానికి మా దుల్హాభాయ్‌ను ఒప్పించడానికి నాకు, మా ఆపాకు రెండు రంజాన్లు పట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. పట్టు రీలింగ్ పనిలో వేడినీళ్ళలో చేతులు పెట్టి పెట్టి గోళ్ళు పాడయిన మనిషి. కూతురు చదువుకు అప్పు చేసింది ఆయనే. కానీ పుంగనూరునుంచి ఒక రిష్తా వచ్చి ఉంది, "ఈ నౌకరీ నిలుస్తుందో లేదో చూసి జవాబు చెబుతాం" అని ఆయన వాళ్ళకు చెప్పి ఉన్నాడు. బిడ్డకు ఆ సంగతి తెలుసు.

సోమవారం పొద్దున పది గంటలకు బిడ్డ తన పని నడిపి చూపించాలి. నడవకపోతే ఆ పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని టీమ్ లీడర్ మెయిల్ పెట్టినాడు. "అబ్బాకు చెప్పొద్దు మామూ" అంది.

నేను ఉర్దూ మీడియంలో జమా, తఫ్రీక్, జర్బ్, తక్సీమ్ అని లెక్కలు నేర్చుకుని, డిగ్రీలో తెలుగు చదివి, విలేకరి అయినవాణ్ణి. కంప్యూటర్‌లో వార్త టైపు చేయడం తప్ప నాకేమీ రాదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నాకు అర్థమయ్యేటట్టు చెప్పు బేటీ. నీకు పనికి రాకపోయినా నాకు టైంపాస్ అయితుంది."

చెప్పడం మొదలుపెట్టింది. ఆసుపత్రి కంప్యూటర్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్‌ను సవాల్ అడుగుతుంది, ఈ నంబరు పాలసీ చెల్లుతుందా అని. అవతలిది జవాబ్ ఇస్తుంది. మధ్యలో మనిషి ఉండడు. దీన్ని వెబ్ సర్వీస్ అంటారట. ఆ పాత సర్వీసును కొత్త పద్ధతికి మార్చడం మా బిడ్డ జిమ్మేదారీ. కొత్త పద్ధతి పేరు డిపెండెన్సీ ఇంజెక్షన్.

"డిపెండెన్సీ అంటే?"

"మొహ్తాజీ" అంది. ఏమాత్రం ఆలోచించకుండా అంది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ప్రతి నమాజ్ తర్వాత చేతులెత్తి, నన్ను ఎవరికీ మొహ్తాజ్ చేయొద్దని దువా చేసేది. ఆ లఫ్జ్‌ను మనవరాలు ఇట్లా కంప్యూటర్‌లోకి తెచ్చింది.

నేను అర్థం చేసుకున్నది వలీమా దావత్ లెక్కన చెబుతాను. బావర్చీ వస్తాడు. బియ్యం, గోష్త్, కట్టెలు నెత్తిన పెట్టుకుని రాడు. ఒక ఫెహ్రిస్త్ రాసిస్తాడు, ఇన్ని కిలోలు ఇది, ఇన్ని కిలోలు అది అని. ఇంతెజాం చూసే పెద్దమనిషి దాన్ని చదివి అన్నీ తెప్పించి బావర్చీ ముందు పెడతాడు. బావర్చీ బజారుకు పోడు, ఏ అంగట్లో కొన్నారో అడగడు. రేపు వేరే ఇంట్లో వేరే డేగ్ ఇచ్చినా వండుతాడు. ప్రోగ్రాములో పనిచేసే ఒక్కో ముక్కను ఆబ్జెక్ట్ అంటారు, అది బావర్చీ. ఇంతెజాం చూసేవాడు స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్. ఫెహ్రిస్త్ రాయడానికి వాడే గుర్తు ఎనోటేషన్. '@ఆటోవైర్డ్' అని ఒక లైను మీద రాస్తే "ఈ సామాను నాకు కావాలి, తెచ్చిపెట్టండి" అని మత్లబ్.

నాకు తారీఖుల పిచ్చి. అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను. రాడ్ జాన్సన్ అనే ఆస్ట్రేలియా ఆయన 2002లో రాసిన జావా కితాబ్‌తో వచ్చిన కోడ్‌లోంచి స్ప్రింగ్ పుట్టింది. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అనే పేరు నిలిచింది. ఆ మార్చిలో స్ప్రింగ్ 1.0 వచ్చింది. అప్పట్లో ఎవరికేం కావాలో అంతా వేరే ఎక్స్ఎంఎల్ ఫైల్లో రాసేవాళ్ళు, పేజీలకు పేజీలు. అదే సంవత్సరం సెప్టెంబరులో జావా 5తో ఎనోటేషన్లు భాషలోకి వచ్చాయి. 2007 నవంబరులో స్ప్రింగ్ 2.5 వచ్చింది, @ఆటోవైర్డ్ దాంతో వచ్చిందే. 2009లో ఇదే పనికి జావా వాళ్ళు @ఇంజెక్ట్ అని తమ సొంత గుర్తు ఖరారు చేశారు.

"మరి ఫెహ్రిస్త్ రాసినావు కదా, సామాను ఎందుకు రాలేదు?"

"అదే కదా మామూ! సర్వర్ బాగానే లేస్తుంది. ఆసుపత్రి సవాల్ రాగానే పడిపోతుంది. పాలసీ చూసే సామాను ఉండాల్సిన చోట నల్."

అప్పటికి బిడ్డ చేయని పని లేదు. స్ప్రింగ్ ఏ ఫోల్డర్లు వెతకాలో చెప్పే లైను చూసింది. పేర్లలో అక్షరం తప్పుందేమో చూసింది. ఒకే సామాను ఇద్దరు ఇస్తామంటే స్ప్రింగ్ ఎవర్ని తీసుకోవాలో తెలియక ఆగిపోతుందట, అదీ చూసింది. ఆ సర్వీస్ క్లాస్ నెత్తిన @వెబ్‌సర్వీస్ అని ఒక గుర్తు ఉంటే, పక్కనే @కాంపొనెంట్ అని ఇంకోటి తగిలించింది. 'స్ప్రింగ్ సాబ్, ఇది మీ మనిషే' అని చెప్పే గుర్తు అది. అయినా నల్.

ఇక్కడ బిడ్డ చెప్పిన ఒక మాట నాకు పట్టుకుంది. స్ప్రింగ్ తన చేత్తో తయారుచేసిన వస్తువు మీద @ఆటోవైర్డ్ చూసి, అడిగిన సామాను దొరక్కపోతే ఊరుకోదు. సర్వర్ లేచేటప్పుడే 'అన్‌శాటిస్‌ఫైడ్ డిపెండెన్సీ' అని గొడవపడి ఆపేస్తుంది. మరి ఇక్కడ గొడవ లేదు, సర్వర్ ఖుషీగా లేచింది. సామాను మాత్రం లేదు.

"అంటే ఇంతెజాం చూసేవాడు ఆ ఫెహ్రిస్త్ చదవనే లేదేమో?"

"చదివినాడు మామూ. లాగ్‌లో ఉంది. ఆ ఆబ్జెక్ట్ తయారైనట్టు స్ప్రింగ్ రాసింది."

నేను విలేకరిని. పోలీసు ఒక మాట చెబితే ఆసుపత్రిలో ఇంకోసారి అడుగుతాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడగడం తప్ప వేరే విద్య లేదు. "సవాల్ వచ్చినప్పుడు పడిపోయేది స్ప్రింగ్ తయారుచేసిన ఆబ్జెక్టేనా? చూసినావా, అనుకుంటున్నావా?"

బిడ్డ నా దిక్కు చూసింది. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత టకటకా ఏదో టైపు చేసింది. వస్తువు పుట్టే చోటును కన్‌స్ట్రక్టర్ అంటారట. అక్కడ రెండు లైన్లు పెట్టింది. పుట్టిన వస్తువు నంబరు ఒకటి అచ్చేయమని, దాన్ని ఎవరు పుట్టించారో ఎవరి వెనక ఎవరున్నారో మొత్తం అచ్చేయమని. ఈ రెండోదాన్ని స్టాక్ ట్రేస్ అంటారు. నాకు అది మన ఖాందాన్ల షజరా లాగా కనిపించింది, ఫలానా వారి కొడుకు ఫలానా, వారి కొడుకు ఫలానా.

సర్వర్ మళ్ళీ లేచింది. ఒక్కసారి రావాల్సిన షజరా రెండుసార్లు వచ్చింది. రెండు వేర్వేరు నంబర్లు.

ఒక షజరాలో అన్నీ స్ప్రింగ్ ఖాందాన్ పేర్లు. ఇంకోదాంట్లో వెతికినా స్ప్రింగ్ అనే లఫ్జ్ లేదు. అన్నీ వెబ్ సర్వీస్ నడిపే యంత్రాంగం పేర్లు, జాక్స్-డబ్ల్యూఎస్ అంటారు దాన్ని. అది @వెబ్‌సర్వీస్ అనే గుర్తు మాత్రమే గుర్తుపడుతుంది. తన ఫైల్లో క్లాస్ పేరు చూసుకుని తనకోసం ఒకదాన్ని తానే పుట్టించుకుంది. @ఆటోవైర్డ్ అంటే ఏమిటో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అంటే జుడ్వా పిల్లలు. ఒకడి చేతినిండా సామాను ఉంది, వాడి దగ్గరికి ఎవరూ పోరు. ఇంకొకడి చేతులు ఖాళీ, ఆసుపత్రినుంచి వచ్చే ప్రతి సవాల్ వాడి దగ్గరికే పోతోంది. లాగ్‌లో స్ప్రింగ్ రాసింది అబద్ధం కాదు. మొదటివాడి సంగతి రాసింది.

ఈ జుడ్వా సంగతి వినగానే నా కడుపులో ఏదో కదిలింది. నేను కొత్తగా విలేకరిగా చేరిన రోజుల్లో మొగిలి ఘాట్‌లో ఒక ప్రమాదం జరిగింది. చనిపోయినవాళ్ళ పేర్లు రాసి ఫ్యాక్స్ చేశాను. ఒక గంటకు తెలిసింది, ఆ పేర్లలో ఒకాయన బతికే ఉన్నాడు, ఆసుపత్రిలో ఉన్నాడు. వార్త మొత్తం తిరగరాసి కవర్‌లో పెట్టి, కవర్ మీద ఎర్ర ఇంకుతో 'సవరించిన వార్త. ఇదే వాడాలి' అని రాసి తిరుపతి బస్సు డ్రైవర్ చేతికిచ్చాను. కవర్ చేరింది. డెస్క్‌లో ఒకాయన దాన్ని చక్కగా దిద్ది పెట్టాడు కూడా. పేజీ కట్టినాయన చేతిలో ఉన్నది ఫ్యాక్స్ కాపీ. ఆ కాపీ మీద ఎర్ర ఇంకు లేదు.

పొద్దున ఒక మనిషి పత్రిక మడిచి చంకలో పెట్టుకుని నా గదికి వచ్చాడు. అరవలేదు. "సాబ్, మేరా భాయ్ జిందా హై" అన్నాడు. ఇంట్లో అమ్మకు నమ్మకం కుదరడం లేదని, నన్ను వచ్చి చెప్పమని అడిగాడు. వెళ్ళాను. ఆ ముసలమ్మ ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పాను. ఫోను చేసి 'ఫ్యాక్స్ చింపేయండి' అనడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. కవర్ మీద రాశాను కదా, ఎవరో చదువుతారులే అనుకున్నాను.

ఈ కథ బిడ్డకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ రాత్రి చెప్పాను. విని, "అయితే ఫ్యాక్స్ చింపేద్దాం మామూ" అని @కాంపొనెంట్ తీసేసింది. స్ప్రింగ్ పుట్టించే కాపీ పోయింది. మిగిలింది జాక్స్-డబ్ల్యూఎస్ పుట్టించే ఖాళీ చేతులవాడు ఒక్కడే. వాడికి సామాను అందించే ఉపాయం స్ప్రింగ్‌లోనే ఉంది, 2.5.1నుంచీ ఉంది. 'స్ప్రింగ్ బీన్ ఆటోవైరింగ్ సపోర్ట్' అనే క్లాస్. మన క్లాస్ దాని వారిస్ అని ఒక్క లైను రాస్తే చాలు, ఎవరు పుట్టించినా సరే, పుట్టిన క్షణంలో వాడే స్ప్రింగ్ దగ్గరికి పోయి 'నా ఫెహ్రిస్త్ ఇది' అని చేయి చాస్తాడు.

ఇషా అయిపోయింది. ఆపా అన్నం పెట్టింది, తిన్నాం. సర్వర్ లేపింది. సవాల్ పంపింది.

"నల్ ఆరా మామూ." ఈసారి చాలా మెల్లగా అంది. ఆపా బిందెల దిక్కు చూసి, మళ్ళీ మా దిక్కు చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది.

నిజం చెప్పాలంటే నేను అప్పుడే లేచి ఇంటికి పోదామనుకున్నాను. బిడ్డ కళ్ళు తుడుచుకుంటోంది, తుడుచుకోవడం నాకు కనబడకుండా ఉండాలని కిటికీ వైపు తిరిగింది. నేను ఆ పాత లాగ్‌ను, అర్థం కాకపోయినా, ఊరికే మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. రెండు షజరాలు. మొదట అచ్చయినదాంట్లో స్ప్రింగ్ పేరు లేదు. స్ప్రింగ్ ఉన్నది రెండోది. ఎవరు అని అడిగాను గానీ ఎప్పుడు అని అడగడం మర్చిపోయాను.

"బేటీ, వీడు పుట్టేసరికి స్ప్రింగ్ లేచి ఉందా?"

సర్వర్ లేచేటప్పుడు ఎవర్ని ముందు లేపాలో 'వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్' అనే ఫైల్లో ఉంటుంది. అక్కడ లిజనర్ అని కొన్ని లైన్లు. ఏ వరసలో రాస్తే ఆ వరసలో లేస్తాయి. మా బిడ్డ ఫైల్లో ముందు జాక్స్-డబ్ల్యూఎస్ లిజనర్, కింద స్ప్రింగ్ లిజనర్. పాత రోజుల్లో ఎవరో రాసి పోయిన వరస. జాక్స్-డబ్ల్యూఎస్ ముందు లేచి పిల్లవాణ్ణి పుట్టిస్తుంది, వాడు పుట్టగానే చేయి చాస్తాడు, అప్పటికి ఇంతెజాం చూసే పెద్దమనిషి ఇంకా నిద్ర లేవలేదు. స్ప్రింగ్ దీన్ని పెద్ద తప్పుగా కూడా ఎంచలేదు. 'కాంటెక్స్ట్ ఇంకా లేదు, ఇంజెక్షన్ లేకుండానే సాగుతున్నా' అనే మత్లబ్ వచ్చే ఒక్క లైను వందల లైన్ల మధ్య రాసుకుని ముందుకు పోయింది.

బిడ్డ ఆ రెండు లిజనర్లను కిందామీదా చేసింది. సర్వర్ లేపింది. సవాల్ పంపింది.

జవాబ్ వచ్చింది. పాలసీ చెల్లుతుంది.

రాత్రి పన్నెండున్నర. ఇద్దరం నవ్వుకున్నాం, దుల్హాభాయ్ లేస్తాడని నోటికి చేయి అడ్డం పెట్టుకుని.

మీ ఇళ్ళల్లోనూ బెంగళూరుకో హైదరాబాదుకో పోయిన పిల్లలుంటారు, కాబట్టి ఆ తర్వాత బిడ్డ చాయ్ తాగుతూ చెప్పినవి కూడా రాస్తున్నాను. చేత్తో 'న్యూ' అని రాసి పుట్టించిన ఆబ్జెక్టులకూ ఇదే గతి, స్ప్రింగ్‌కు వాటి సంగతి తెలియదు. కన్‌స్ట్రక్టర్ లోపలే సామాను ముట్టుకోబోతే స్ప్రింగ్ పుట్టించినదానికైనా నల్లే వస్తుంది, ఎందుకంటే లైను మీద గుర్తు పెట్టి అడిగిన సామాను పుట్టిన తర్వాతే చేతికి అందుతుంది. 2018లో వచ్చిన జావా 11 జాక్స్-డబ్ల్యూఎస్‌ను, @పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ లాంటి గుర్తులను తన పెట్టెలోంచి తీసేసింది. పాత ప్రోగ్రామును అట్లే తెచ్చి దానిమీద నడిపితే, గుర్తు తాలూకు క్లాస్ దొరకలేదని జావా గొడవ చేయదు, ఆ గుర్తు రాయనే లేదన్నట్టు పోతుంది. 2022 నవంబరులో స్ప్రింగ్ 6 వచ్చేసరికి చాలా గుర్తుల ఇంటిపేరు జావాఎక్స్ పోయి జకార్తా అయింది. అక్కడా చూసుకోవాలి.

"మరి గుర్తులు లేకుండా అడగడానికి వీలు లేదా?" అన్నాను. ఉందట. కావాల్సిన సామాను కన్‌స్ట్రక్టర్ దగ్గరే అడగొచ్చు. ఇస్తేనే పుడతాను, లేకపోతే పుట్టను అని. స్ప్రింగ్ 4.3నుంచి కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే దానిమీద @ఆటోవైర్డ్ కూడా రాయక్కరలేదు. అప్పుడు జాక్స్-డబ్ల్యూఎస్ దాన్ని ఖాళీ చేతులతో పుట్టించలేదు, పొద్దున్నే గొడవ బయటపడుతుంది. లోపల పనిచేసే మిగతా క్లాసులన్నీ బిడ్డ ఆదివారం కూర్చుని అట్లా మార్చింది. ఈ బయటి వాకిట్లో నిలబడేదాన్ని మాత్రం మార్చలేకపోయింది, దాన్ని పుట్టించేది స్ప్రింగ్ కాదు కాబట్టి.

పనంతా ఎవరు చేశారని ఎవరైనా అడిగితే బిడ్డే చేసింది. నేను రెండు సవాళ్ళు అడిగాను, రెండోది ఆలస్యంగా అడిగాను.

సోమవారం తెల్లవారుజామున దుల్హాభాయ్ కూతుర్ని బస్సెక్కించడానికి స్టాండుకు పోతూ దారిలో నన్ను లేపాడు. బిడ్డ పక్కకు పోయినప్పుడు, "శుక్రవారం రాత్రి మీరు ఎందుకు అంతసేపు కూర్చున్నారో నాకు తెలుసు భాయ్" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. పుంగనూరు వాళ్ళకు ఆయన ఏం జవాబు చెప్పాడో నేను ఇప్పటిదాకా అడగలేదు.

పదకొండున్నరకు ఆపా ఇంట్లో ఉండగా ఫోన్ వచ్చింది. ఆపా స్పీకర్ పెట్టింది.

"అమ్మీ! మామూకు చెప్పు, నల్ బంద్ హోగయా!"

"యాఁ బీ బంద్ ఇచ్ హై మా, తీన్ దిన్ సే" అంది ఆపా, వాకిట్లో బోర్లించిన బిందెల దిక్కు చూస్తూ.